తరిమెన ఉలులకు ఏ సాన యంత్రం కొనాలి?

సాన యంత్రం కోసం షాపుకు వెళ్ళేముందు, తరిమెన (కర్రను తిప్పి చెక్కే లేత్) మీద వాడే మీ ఉలులన్నీ ఒకసారి బల్ల మీద పరిచి చూసుకోండి. కాడ మీద హెచ్‌ఎస్‌ఎస్ అనో ఎం2 అనో చెక్కి ఉంటే అది హైస్పీడ్ స్టీలు. కమ్మరి కొలిమిలో చేయించినదో, పాత ఆకురాయిని అరగదీసి చేసుకున్నదో అయితే అది కార్బన్ ఉక్కు. అనుమానముంటే కాడ అంచును తిరిగే రాయికి ఒక్క క్షణం తాకించండి. కార్బన్ ఉక్కు నుంచి కాకరపువ్వొత్తిలా చిట్లుతూ పచ్చటి రవ్వలు లేస్తాయి. హైస్పీడ్ స్టీలు రవ్వలు ఎర్రగా, పలచగా, చిట్లకుండా జారిపోతాయి. ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ రవ్వల్లోనే దొరుకుతుంది.

కారణం వేడి. కార్బన్ ఉక్కు సుమారు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకు తిరుగుతుంది, 300 డిగ్రీల దగ్గర నీలం వేస్తుంది. నీలం కనబడిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ ముక్క మొత్తం అరిగిపోయేదాకా మళ్ళీ నూరాలి. ఉలి చివర అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు కాబట్టి ఇది రెప్పపాటులో జరిగిపోతుంది. హైస్పీడ్ స్టీలు 500 డిగ్రీల దాకా గట్టిదనం వదలదు, కొంచెం నీలం వేసినా పని చెడదు. కాబట్టి కార్బన్ ఉలులున్నవాళ్ళు చల్లగా నూరే యంత్రం చూసుకోవాలి. మొత్తం హైస్పీడ్ స్టీలే ఉన్నవాళ్ళు చల్లదనం కోసం డబ్బు పోయనక్కర్లేదు.

మిగతా సగం జవాబు ఎన్నిసార్లు పదును పెడతారన్నదాంట్లో ఉంది. పది సెంటీమీటర్ల దుంగ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, ఆ ఒక్క నిమిషంలో 300 మీటర్లకు పైగా కర్ర ఉలి అంచు మీదుగా వెళ్తుంది. అర మీటరు పలకను చిత్రిక పట్టే లెక్కలో చూస్తే 600 సార్లు తోసినంత పని. అందుకే వడ్రంగి పూటకోసారి పదును పెట్టుకుంటే, తరిమెన దగ్గర నిలబడే మనిషి పది పదిహేను నిమిషాలకోసారి సాన దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. టేకు తిప్పేటప్పుడు ఇంకా తొందరగా, ఎందుకంటే టేకులో ఉండే సిలికా ఇసుకలాగా అంచును తినేస్తుంది. మెత్తటి కర్రకు వేరే బాధ ఉంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర మీద మొండి ఉలి పెడితే కోత పడదు, పీచు నలిగి నూగు లేస్తుంది, ఆ నూగు మీద లక్క నున్నగా పట్టదు.

అందుకని యంత్రాన్ని ఈ కొలతతో చూడండి: ఉలి పట్టుకుని వెళ్ళి, పోయినసారి ఉన్న ఆకారమే మళ్ళీ తెచ్చుకుని, నిమిషంలో తరిమెన దగ్గరికి తిరిగి రాగలరా? రాలేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా వాడరు. మొండి ఉలినే అదిమి పట్టి పని కానిస్తారు. ఉలి కర్రలో ఇరుక్కుని ఎగిరిపడే ప్రమాదాలు చాలావరకు అప్పుడే జరుగుతాయి.

మామూలు ఆరంగుళాల గ్రైండర్

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా చిన్న పట్టణంలోని హార్డ్‌వేర్ షాపులోనైనా ముందు చూపించేది ఇదే. వేగం నిమిషానికి 2850 చుట్ల దరిదాపు. దీన్ని తీసిపారేయకండి. చెడ్డది గ్రైండర్ కాదు, దాంతోపాటు వచ్చే బూడిదరంగు రాళ్ళు. అవి 36, 60 నంబర్ల గరుకు రాళ్ళు, వెల్డింగ్ చేసిన ఇనుము గీకడానికి పెట్టినవి. గట్టి బంధం వల్ల మొద్దుబారిన రేణువులు రాలిపోవు, రాలని రేణువు కోయకుండా రాసుకుంటుంది, ఆ రాపిడే వేడి.

ఆ రాళ్ళు తీసి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేయండి. అడిగేటప్పుడు కోడ్ చెప్పండి: డబ్ల్యూఏ 80 కె 5 వి. డబ్ల్యూఏ అంటే తెల్ల అల్యూమినా (కొన్ని కంపెనీలు ఏఏ, 38ఏ అని వేస్తాయి), 80 రేణువు సైజు (నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నం), కె బంధం గట్టిదనం, 5 రేణువుల మధ్య ఎడం, వి అంటే మట్టిలా కాల్చి చేసిన బంధం. కె దొరక్కపోతే జె తీసుకోండి. ఎం, ఎన్ వైపు వెళ్ళకండి, అక్షరం ముందుకు పోయేకొద్దీ రాయి గట్టిపడుతుంది. కార్బొరండం యూనివర్సల్, గ్రైండ్‌వెల్ నార్టన్ రెండూ ఈ రాళ్ళు చేస్తాయి. షాపువాళ్ళు ‘ఇదే బాగా కోస్తుంది సార్’ అని ఆకుపచ్చ రాయి ఇవ్వబోతే వద్దనండి. అది సిలికాన్ కార్బైడ్, కార్బైడ్ ముక్కలకు పెట్టింది. ఉలికి పెడితే అదే తొందరగా అరిగిపోతుంది.

మన దగ్గర దొరికే రాళ్ళలో ఒక చిక్కుంది. రంధ్రం 31.75 మిల్లీమీటర్లు ఉంటుంది, గ్రైండర్ ఇరుసు చూస్తే 12.7 లేదా 15.88. మధ్య ఖాళీ నింపడానికి ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు. అవి వదులుగా ఉంటే రాయి ఒకవైపు జరిగి, బల్లంతా అదురుతుంది. లేత్ పనివాళ్ళ దగ్గర అల్యూమినియం బుష్ ఒకటి కొలతకు చేయించుకుంటే ఆ బాధ తీరుతుంది. రాయి బిగించేముందు సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే చూడాలి: రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో నాలుగు చోట్ల తట్టండి. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల పగులుంది, అది వాడేది కాదు.

ఎనిమిదంగుళాల గ్రైండర్, అందులో మోసం

‘స్లో స్పీడ్ గ్రైండర్ కొనండి’ అని అందరూ చెప్తారు. షాపులో ఎనిమిదంగుళాలది కనబడగానే అదే అనుకుని కొనేస్తారు. మన దగ్గర అమ్మే ఎనిమిదంగుళాల గ్రైండర్లలో చాలావాటి వేగం 2800కు పైనే. నేమ్‌ప్లేట్ చదవందే డబ్బులివ్వకండి. లెక్క చూడండి: ఆరంగుళాల రాయి 2850 చుట్లతో తిరిగితే దాని అంచు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ఎనిమిదంగుళాల రాయి 1440తో తిరిగితే 15 మీటర్లు. అదే ఎనిమిదంగుళాలది 2880తో తిరిగితే 30 మీటర్లు. అంటే తప్పు ఎనిమిదంగుళాలది కొన్నవాళ్ళు, పాత ఆరంగుళాలదానికన్నా వేడెక్కే యంత్రాన్ని ఎక్కువ ధర పెట్టి ఇంటికి తెచ్చుకున్నట్టే.

1440 చుట్లది దొరికితే వదలకండి. అర హార్స్‌పవర్ మోటారు చాలు, ముప్పావు ఉంటే నిశ్చింత. రాయి పెద్దది కాబట్టి ఉలి వాలు (అంచు వెనక నూరిన ఏటవాలు ముఖం) మీద పడే గుంట తక్కువ లోతుగా ఉంటుంది. అంచు ఏటవాలుగా ఉండే స్క్యూ ఉలికి అది ముఖ్యం. వాలు కర్ర మీద ఆనించి నడిపే ఉలి కదా, గుంట లోతైతే ఆనే చోటు తగ్గుతుంది.

వేగం తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించే ప్రయత్నం చేయకండి. సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారు వేగం అలా తగ్గదు, బలం తగ్గుతుంది. ఉలి పెట్టగానే బరువుకు ఆగి, వైండింగ్ కాలిపోతుంది. త్రీఫేజ్ ఎనిమిదంగుళాల గ్రైండర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే మాత్రం వీఎఫ్‌డీ (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె) పెట్టి 25 హెర్ట్జ్‌లో నడపవచ్చు, 2880 కాస్తా 1440 అవుతుంది. ఇంటి సింగిల్ ఫేజ్ నుంచి నడవాలంటే మోటారును డెల్టా కనెక్షన్‌కు మార్చాలి, దానికి ఆరు తీగలూ టెర్మినల్ పెట్టెలోకి వచ్చి ఉండాలి. మూడే ఉంటే మోటారు మెకానిక్‌ను అడిగాకే కొనండి.

సీబీఎన్ రాయి

ఇది నిజానికి రాయి కాదు. అల్యూమినియం లేదా స్టీలు చక్రం మీద క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ రేణువుల పూత. వజ్రం తర్వాత అంత గట్టి పదార్థం. మరి వజ్రమే ఎందుకు పెట్టరంటే, వజ్రం కార్బన్. వేగంగా, పొడిగా ఉక్కును నూరితే ఆ వేడికి కార్బన్ ఇనుములో కలిసిపోయి రేణువు అరిగిపోతుంది. సీబీఎన్‌కు ఆ జబ్బు లేదు.

దీని అసలు గొప్పతనం కోతలో కన్నా కొలతలో ఉంది. తెల్లరాయి వాడేకొద్దీ చిన్నదవుతుంది, రాయిని గుండ్రం చేసే డ్రెస్సర్ పట్టిన ప్రతిసారీ ఇంకొంచెం తగ్గుతుంది, దానితోపాటు జిగ్ (ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు) కోణమూ తప్పుతుంది. సీబీఎన్ చక్రం వ్యాసం మారదు. జిగ్ ఒకసారి సరిచేసి గీత గీసుకుంటే ఆ గీత చెరగదు. ఉలి పెట్టాం, రెండుసార్లు అటూ ఇటూ తిప్పాం, తీశాం. ఉక్కు కూడా అనవసరంగా పోదు. హైస్పీడ్ స్టీలు ఉలులతో వారానికి నాలుగైదు రోజులు పనిచేసేవాళ్ళకు మేం ముందు చెప్పేది ఇదే. ఒక్క చక్రం ధర మామూలు ఆరంగుళాల గ్రైండర్ ధరను దాటుతుంది, అయినా ఇదే చెప్తాం.

కొనేముందు కొలవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇరుసును వెర్నియర్‌తో కొలవండి. 15.88కూ 16కూ తేడా 0.12 మిల్లీమీటర్లే, కానీ ఆ కాస్త తేడాతో చక్రం ఎక్కదు. ఎక్కించడానికి ఇరుసును ఎమెరీ కాగితంతో రుద్దితే చక్రం ఊగుతుంది. ఈ చక్రాలు చాలావరకు 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. అంత వెడల్పుది ఎక్కాక నట్ పూర్తిగా మరలు పట్టేంత ఇరుసు మిగలాలి, గార్డులో కూడా చోటుండాలి. ఎడమవైపు నట్ ఎడమ మరలు, విప్పేటప్పుడు ఎదురు తిప్పి తెంపుకోకండి.

బరువు ఇంకో సంగతి. 200 మిల్లీమీటర్ల వ్యాసం, 40 వెడల్పుతో గట్టి స్టీలు దిమ్మ అయితే దగ్గరదగ్గర పది కిలోలు, అల్యూమినియం మూడున్నర కిలోలు. మధ్యలో తొలిచి తగ్గిస్తారుగానీ స్టీలుది స్టీలుదే. అర హార్స్‌పవర్ గ్రైండర్‌కు రెండువైపులా స్టీలు చక్రాలు వేస్తే మూలుగుతూ లేస్తుంది, ఆపేస్తే చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. అల్యూమినియంవే తీసుకోండి.

తెల్లరాయి కాస్త వంకరగా కూర్చున్నా డ్రెస్సర్‌తో గుండ్రం చేసుకోవచ్చు, సీబీఎన్‌కు ఆ వీలు లేదు. ఇరుసు వంకర ఉంటే చక్రం ఎప్పటికీ వంకరే. అందుకే సీబీఎన్ వేయదలచుకుంటే గ్రైండర్ మంచిది ఉండాలి. షాపులోనే డయల్ గేజ్ పెట్టించి ఇరుసు ఊగు చూడండి. గేజ్ లేకపోతే గార్డుకు ఒక పెన్సిల్ కట్టి, దాని కొనకూ ఇరుసుకూ మధ్య కాగితమంత సందు ఉంచి, చేత్తో తిప్పండి. సందు మారుతూ కనబడితే ఆ గ్రైండర్ వద్దు.

మెత్తటి ఇనుము, ఇత్తడి, అల్యూమినియం ఈ చక్రానికి తాకించకూడదు, రేణువుల మధ్య పూడుకుపోతాయి. గట్టిపరచిన కార్బన్ ఉలిని తేలికగా పట్టవచ్చు, అయితే మెత్తటి కాడ దాకా వెళ్ళకూడదు. అందుకే మొదటి కొనుగోలుకు ఒకవైపు 180 నంబర్ సీబీఎన్, ఇంకోవైపు 60 లేదా 80 తెల్లరాయి పెట్టుకోమంటాం. ఆకారం మార్చడం, కార్బన్ ఉలులు, ఇంట్లో కత్తిపీట అన్నీ తెల్లరాయి వైపు. 350, 600 నంబర్ల చక్రం స్క్యూకు బాగుంటుంది, కానీ అది రెండో ఏడాది మాట.

నీళ్ళలో తిరిగే యంత్రం

స్వీడన్‌కు చెందిన టోర్‌మెక్ 1973 నుంచి వీటికి పేరు. టీ-8లో పదంగుళాల రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది, అంచు వేగం సెకనుకు 1.2 మీటర్లు, కింద నీళ్ళ తొట్టి. ఉలి కాలే ప్రశ్నే లేదు, నిప్పురవ్వ లేదు, మోత లేదు. రెండోవైపు తోలు చక్రం మీద పేస్టు రాసి పట్టిస్తే అంచు అద్దంలా వస్తుంది. కార్బన్ ఉలులు, చెక్కడపు ఉలులు, చిత్రిక బ్లేడ్లు, వంటింటి కత్తులు అన్నీ ఒకే యంత్రం మీద కావాలంటే దీనికి సాటి లేదు.

కానీ తరిమెన పనికే అంటే తొందరపడకండి. కొత్త బౌల్ గౌజ్‌కు (గిన్నెలు తొలిచే గాడి ఉలి) పక్క అంచులైన రెక్కలు వెనక్కి వాలేలా ఆకారం మార్చాలంటే దీని మీద అరగంట పైనే పడుతుంది. హైస్పీడ్ స్టీలు మీద మామూలు రాయి గుంటలు పడుతుంది, దాన్ని చదును చేయడం ఇంకో పని. దానికి ఈ నిదానపు వేగంలో పనికొచ్చే సిలికాన్ కార్బైడ్ నల్లరాయి, వజ్రపు చక్రాలు వేరుగా అమ్ముతారు, ధర ఇంకా పెరుగుతుంది. ఎలాగూ టీ-8 ధరలో ఎనిమిదంగుళాల గ్రైండర్, సీబీఎన్ చక్రాలు, జిగ్ దాదాపు అన్నీ వచ్చేస్తాయి.

పని అయ్యాక తొట్టి దించి నీళ్ళు పారబోయాలి. రాయి సగం మునిగి ఉండిపోతే ఒకవైపే నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, మన వాతావరణంలో రెండు రోజులకు ఆ నీళ్ళలో దోమపిల్లలు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో తొట్టికి సున్నం కడుతుంది, తాగే నీళ్ళు పోయండి. ఇదే పద్ధతిలో తక్కువ ధరకు వచ్చే యంత్రాలు కొనేటప్పుడు ఇరుసు స్టెయిన్‌లెస్ అవునో కాదో అడగండి. తుప్పు పట్టిన ఇరుసు నుంచి రాయి ఊడదీయడం నరకం.

బెల్టు యంత్రాల్లో రాబర్ట్ సోర్బీ వాళ్ళ ప్రోఎడ్జ్ పేరున్నది. కోణాల గుర్తులు ముందే ఉన్న బల్ల, వాలు చదునుగా వస్తుంది, బెల్టు మార్చడం క్షణం. అయితే బెల్టులు అయిపోతూనే ఉంటాయి, అదే కొలతవి మీ ఊళ్ళో దొరకాలి. కర్రకు వాడే బెల్ట్ సాండర్‌నే దీనికి వాడుకుందామనుకుంటే, లోపల పేరుకున్న పొట్టులోకి రవ్వ పడి కాసేపు పొగ కూడా రాకుండా రాజుకుంటుంది. ఆ పని చేయకండి.

జిగ్ లేకపోతే పై డబ్బంతా దండగ

బడ్జెట్ తక్కువైతే యంత్రంలో తగ్గించుకోండి, జిగ్‌లో తగ్గించుకోకండి. ఆరంగుళాల గ్రైండర్, తెల్లరాయి, మంచి జిగ్ ఉన్న మనిషి ఉలి, జిగ్ లేని సీబీఎన్ ఉలి కన్నా బాగా కోస్తుంది. గౌజ్ ముక్కు ఒకే వంపు కాకుండా మెట్టు మెట్టుగా పడితే ఉలి ఎక్కడ కోస్తుందో చేతికి తెలియదు.

కెనడాలోని వన్‌వే వాళ్ళ వుల్వరీన్ పద్ధతి ఇప్పుడు చాలామంది అనుసరించేది. రాయి కింద ఒక చానెల్, అందులో జరిగే కడ్డీ, కడ్డీ చివర వి ఆకారపు జేబు. గౌజ్‌ను వారీగ్రైండ్ జిగ్‌లో బిగించి, జిగ్ కాలు ఆ జేబులో ఆనించి ఊపుతారు. ఉలి జిగ్ నుంచి ఎంత బయటికి రావాలన్నది ముఖ్యం, 44 మిల్లీమీటర్లు మామూలు కొలత. గ్రైండర్ బల్ల మీదే ఆ దూరంలో ఒక చెక్కముక్క కొట్టేసుకుంటే ప్రతిసారీ స్కేలు వెతుక్కోనక్కర్లేదు. చానెల్, కడ్డీ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. కడ్డీ ఊగకపోతే చాలు.

కోణాలు: బౌల్ గౌజ్ 45 నుంచి 60, స్పిండిల్ గౌజ్ (పొడవాటి కర్రలకు) 30 నుంచి 40, రఫింగ్ గౌజ్ (మొదట గుండ్రం చేయడానికి) 45, స్క్యూ రెండు వైపులా కలిపి 30 నుంచి 40, స్క్రేపర్ (గీకే ఉలి) 70 నుంచి 80 డిగ్రీలు. స్క్యూకూ స్క్రేపర్‌కూ జిగ్ అక్కర్లేదు, రాయి ముందు ఉలి ఆనించడానికి గట్టిగా నిలిచే పెద్ద బల్ల చాలు. గ్రైండర్‌తో వచ్చే రేకు ముక్కలాంటి బల్ల దేనికీ పనికిరాదు, తీసేయండి.

అమెరికాలో ఉండి గరాజ్‌లో తరిమెన పెట్టుకున్న మనవాళ్ళకు ఈ ఎంపిక తేలిక. అక్కడ రైకాన్ లాంటి 1750 చుట్ల ఎనిమిదంగుళాల గ్రైండర్లు మామూలుగా దొరుకుతాయి. కానీ వాటిని ఇండియాకు పట్టుకురాకండి. ట్రాన్స్‌ఫార్మర్ 230 ఓల్టులను 110 చేస్తుంది, 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. మోటారు నిదానంగా తిరుగుతూ వేడెక్కుతుంది. సీబీఎన్ చక్రాలు, జిగ్ తెచ్చుకోండి, వాటికి కరెంటుతో పనిలేదు. రంధ్రం కొలత ఒక్కటీ సరిచూసుకుంటే సరి.

బిగించాక

యంత్రాన్ని తరిమెనకు రెండు మూడు అడుగుల దూరంలో, ఇరుసు మీ మోచేతి ఎత్తుకు వచ్చేలా పెట్టండి. తెల్లరాయి వైపు ఉలి ఆనించే బల్లకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే ఉలి అందులోకి ఇరుక్కుని రాయి పగులుతుంది. రాయి అరిగేకొద్దీ బల్లను ముందుకు జరపండి. కొత్త రాయి వేసిన మొదటిసారి పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తిగా తిరగనివ్వండి. కళ్ళద్దాలు ప్రతిసారీ పెట్టుకోవాలి.

మొదటి ఉలి పట్టేముందు వాలంతా నల్ల మార్కర్‌తో పూయండి. కరెంటు తీసేసి, ఉలిని జిగ్‌లో పెట్టి రాయికి ఆనించి, రాయిని చేత్తో పావు చుట్టు తిప్పండి. నలుపు అంచు దగ్గరే పోయిందా? కోణం ఎక్కువైంది, కడ్డీని కొంచెం లోపలికి జరపండి. మడమ (వాలు కింది చివర) దగ్గర పోయిందా? బయటికి లాగండి. వాలు పొడవునా సన్నటి మెరుపు గీత పడితే కుదిరింది. అప్పుడు స్విచ్ వేసి, ఉలి బరువే చాలన్నట్టు తేలిగ్గా ఆనించి ఊపండి. రవ్వలు మొదట వాలు కిందినుంచి రాలతాయి. అవి గాడి లోపలి వైపుకు తొంగిచూసిన క్షణం అంచు చేరినట్టు, తీసేయాలి. చాలామంది ఇంకో రెండు సార్లు పడతారు, అక్కడే కార్బన్ ఉలి నీలం వేస్తుంది. కార్బన్ ఉలిని మధ్యమధ్య నీళ్ళలో ముంచవచ్చు. హైస్పీడ్ స్టీలును వేడి మీద ముంచితే అంచున కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి, గాలికే చల్లారనివ్వండి.

పొట్టు లాగే వాక్యూమ్ గొట్టాన్ని ఈ యంత్రం దగ్గర పెట్టకండి. ఒక్క రవ్వ సంచిలోకి పోయినా చాలు, మీరు షాపు మూసి ఇంటికి వెళ్ళాక అంటుకుంటుంది. కింద ఒక రేకు ట్రే పెట్టి, అందులో పడ్డ ఉక్కు రజను రోజూ విడిగా ఎత్తి పారేయండి.